షెడ్డుకు పాఠం చెప్పిన మా ఆడపడుచు

మా ఆడపడుచు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే నాకు చప్పున చెప్పడం రాదు. పాఠాలు చెబుతుంది, కానీ టీచరు కాదు. ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది, కానీ ఆఫీసరు కాదు. ఏదైనా సంస్థలో పాత పద్ధతి ఎత్తేసి కొత్తది పెట్టినప్పుడు, అక్కడ పనిచేసేవాళ్లకు ఆ కొత్తదాన్ని అలవాటు చేసి, వాళ్ల బెదురు పోగొట్టి, మళ్లీ ఇంకో సంస్థకు వెళ్లడం ఆమె పని. పదకొండేళ్లలో ముప్పైకి పైగా చోట్లు తిరిగింది. ఆసుపత్రి, బ్యాంకు, పోస్టాఫీసు, కరెంటాఫీసు, ఒకసారి బిస్కెట్ల ఫ్యాక్టరీ. "కాళ్లకు చక్రాలు కట్టుకుని పుట్టావే" అని మా ఆయన చెల్లెలిని ఆటపట్టిస్తూ ఉండేవారు. ఈమధ్య ఆ మాట అనడం మానేశారు. చక్రాలు అరిగిపోయాయని ఆయనకూ తెలుసు.

ఆమె ఇరవై రెండేళ్లప్పుడు టైపిస్టుగా చేరింది. చాలా ఏళ్ల తర్వాత ఆ ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చిన రోజున తక్కిన టైపిస్టులు కళ్లు ఒత్తుకుంటూ కూర్చుంటే, ఈమె మధ్యాహ్నం భోజనం మానుకుని ఆ మిషను ముందు కూర్చుని నేర్చుకుంది. నేర్చుకున్నది దాచుకోలేదు. పక్క కుర్చీలో ఆమెకు చెప్పింది, ఆ పక్క కుర్చీలో ఆమెకు చెప్పింది. ఆ గదిలో ఒక్కరి ఉద్యోగం కూడా పోలేదు. అది చూసి పైవాళ్లు, "నీకు టైపింగు ఎందుకమ్మా, ఇకనుంచి ఇదే నీ పని" అన్నారు. మనం చేసిన మంచి ఒక్కోసారి మన మెడకే చుట్టుకుంటుంది. దేవుడు అలా ఎందుకు రాస్తాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

భర్త పోయాక మా ఇంట్లోనే వెనక గదిలో ఉంటోంది. ఇప్పుడు యాభై రెండేళ్లు. సాయంత్రం గడప దగ్గరికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి, భుజానికి చార్టు కాగితాల చుట్ట వేలాడుతూ, పాదాల మీద చెప్పుల పట్టీ అచ్చు పడి ఉంటుంది. వేడినీళ్లలో ఉప్పు వేసి బకెట్టు పెడతాను. అందులో కాళ్లు పెట్టి, కళ్లు మూసుకుని, నీళ్లు చల్లారేదాకా మాట్లాడదు. రోజంతా మాట్లాడిన మనిషి కదా, నేనూ పలకరించను.

పోయిన ఏడాది ఆమెకు ఒక ఆశ పుట్టింది. వాళ్ల శిక్షణ కార్యాలయంలో ఒక కుర్చీ ఖాళీ అవుతోంది. ఊళ్లు తిరగక్కర్లేదు, నిలబడి అరవక్కర్లేదు. తక్కినవాళ్లు పంపే నివేదికలు చదివి సరిచూస్తే చాలు. "ఈ బస్సు డిపో పని ఒక్కటి నెగ్గుకురండి, ఆ కుర్చీ మీకే" అని పైఅధికారి మాటిచ్చాడు.

"వదినా, ఆ గదిలో కిటికీ పక్కన చెట్టు కూడా ఉంది" అంది ఆ సాయంత్రం బకెట్టు దగ్గర.

"చెట్టు సంగతి తర్వాత. కుర్చీకి వీపు ఆనించుకోవడానికి ఉందా?"

"ఉంది. చేతులు పెట్టుకోవడానికి కూడా ఉంది."

"అయితే మనింట్లో కుర్చీలకంటే నయమే" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నెలలో అదే మొదటిసారి.

ఆ డిపోలో బస్సులు బాగుచేసే షెడ్డును నేను ఒక్కసారే చూశాను, ఆమె మరిచిపోయిన కళ్లద్దాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు. రేకుల కప్పు, నల్లటి నేల, గోతుల మీద నిలబెట్టిన బస్సులు, ఎక్కడ చూసినా నూనె వాసన. కానీ అంత నూనె మధ్య అంత శుభ్రం నేనెక్కడా చూడలేదు. పానాలు పొడవుల వారీగా గోడకు వేలాడుతున్నాయి. నేలను రోజూ రంపపు పొట్టు చల్లి ఊడుస్తారట. పగటివాళ్లు దిగేటప్పుడు తమ మురికి రాత్రివాళ్ల చేతికి అంటకూడదనేది అక్కడి నియమం. అది ఏ కాగితంలోనూ లేదు. అక్కడి పెద్దమేస్త్రి పెట్టిన నియమం. ఏ సాయంత్రం ఎవరి వంతో వాళ్లు ఊడ్చి, తుడిచి, చెయ్యి కడుక్కుని వెళతారు. నేను వెళ్లినప్పుడు ఒకతను నా దారిలో ఉన్న నూనె మరక మీద గోనెసంచి పరిచి, "దీనిమీద అడుగేసి రండమ్మా" అన్నాడు. ఆ సంచి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

ఆ షెడ్డులో ముప్పై ఏళ్లుగా నడిచిన పద్ధతి పీలికలది. బస్సులో ఏదైనా లోపం ఉంటే డ్రైవరు దిగేటప్పుడు స్టీరింగుకు గుడ్డ పీలిక కట్టి వెళతాడు. బ్రేకుకు ఎర్రది, లైట్లకు నీలం, తలుపులకూ సీట్లకూ తెల్లది. లోపం సరిచేసినవాడు ఆ డ్రైవరు వచ్చేదాకా ఆగి, అతని ఎదుటే పీలిక విప్పాలి. పీలిక ఉన్న బస్సును ఏ డ్రైవరూ కదిలించడు. ఎంత రద్దీ ఉన్నా, ఎవరు అరిచినా కదిలించడు.

ఈ పీలికల బదులు పైవాళ్లు గోడకు ఒక పెద్ద తెర బిగించారు. డ్రైవరు లోపాన్ని అందులో నొక్కాలి, బాగుచేసినవాడు 'ముగిసింది' అని నొక్కాలి, అంతే. లోపాల చిట్టా ఎప్పటికప్పుడు ప్రధాన కార్యాలయంలో కూడా కనబడుతుంది. దాన్ని షెడ్డువాళ్లకు అలవాటు చేయడానికే మా ఆడపడుచును పంపారు.

మొదటి రోజు వాళ్లు ఆమెను చూసి గంగిరెద్దుల్లా తలలూపారు. దానికి ఆమె మోసపోదు. ఒప్పుకోవడానికి ఊపే తల వేరు, వదిలించుకోవడానికి ఊపే తల వేరు అంటుంది.

"మేడం, ఈ టీవీలో సినిమాలు రావా?" అన్నాడు వెల్డరు. బక్కపలచటి మనిషి, నోరు మాత్రం ఊరికే ఉండదు.

"వస్తాయి. నువ్వు తప్పు నొక్కితే నీ సినిమాయే వస్తుంది" అంది.

అందరూ నవ్వారు. పెద్దమేస్త్రి నవ్వలేదు. ఒక మూల నిలబడి, చేతులు పీచుతో తుడుచుకుంటూ విన్నాడు. పాఠం అయ్యాక దగ్గరికి వచ్చి, "అమ్మా, పొద్దుటినుంచీ నిలబడే ఉన్నారు" అని ఒక టైరు దొర్లించుకొచ్చి, దానిమీద సంచి మడిచి వేశాడు. పాఠం గురించి ఒక్క మాట అనలేదు. పాఠాలు సాగిన ఎనిమిది రోజులూ ఆ టైరు ఆమె కోసం అక్కడే ఉంది.

ఎనిమిదో రోజు చివర్లో ఆమె ఒక మాట చెప్పింది. పనులు నానబెట్టకుండా ఏరోజుకారోజు బాగుచేయాలని ఆమె ఉద్దేశం. "సాయంత్రం మీరు దిగేసరికి ఈ తెర ఖాళీగా ఉండాలి" అంది. అన్నాళ్లలో మొదటిసారి అందరి ముఖాలూ వికసించాయట. వెల్డరు కూడా హాస్యమాడలేదు. పెద్దమేస్త్రి, "అది బాగుందమ్మా. అది మాకు తెలిసిన పనే" అన్నాడు. ఇంటికి వచ్చి, "వదినా, ఇవాళ వాళ్ల మనసుకు ఎక్కింది" అని సంబరపడి, నీళ్లు చల్లారకముందే కాళ్లు తీసేసింది.

రెండు నెలలు గడిచాయి. ప్రతి సాయంత్రం తెర ఖాళీ. ప్రధాన కార్యాలయంవాళ్లు మురిసిపోయారు. ఇంత త్వరగా మారిన షెడ్డు లేదని ఉత్తరం రాశారు. పీలికలు కట్టవద్దని ఉత్తర్వు వచ్చింది. ఉన్నవాటిని ఒక డబ్బాలో పోగుచేసి డిపో మేనేజరు పారేయించాడు. ఆఖరి నివేదిక ఒక్కటి రాసిస్తే మా ఆడపడుచు పని పూర్తవుతుంది. ఆ నివేదికలో చివరి గడి 'సహకరించని సిబ్బంది పేర్లు'. పదకొండేళ్లలో ఆమె ఆ గడిలో గీత తప్ప ఏమీ పెట్టలేదు.

అప్పుడు ముప్పై ఏడో నంబరు బస్సు గొడవ వచ్చింది.

ఆ బస్సుకు బ్రేకు కాస్త ఆలస్యంగా పడుతోంది. డ్రైవరు సాయంత్రం దిగి తెరలో నొక్కాడు. మర్నాడు చూస్తే బ్రేకు అలాగే ఉంది, తెరలో మాత్రం లోపం లేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ పోయింది. మూడు రోజులు అలా అయ్యాక నాలుగో పొద్దున పెద్దమేస్త్రికి చెప్పాడు, "మామా, నొక్కీ నొక్కీ నా వేలు అరిగింది, బ్రేకు మాత్రం బాగవలేదు." మేస్త్రి బస్సు కిందికి దూరి చూశాడు. గాలి గొట్టం ఇనుముకు ఒరుసుకుని సన్నగా గాలి పోతోంది. పైకి వచ్చి, భుజం మీది తువ్వాలుకున్న ఎర్ర అంచు చింపి స్టీరింగుకు కట్టేశాడు. ఇక ఆ బస్సు కదల్లేదు. ఆ దారిలో పొద్దుటి ట్రిప్పు రద్దయింది. పనులకు పోవలసిన జనం గేటు దగ్గరికి వచ్చి నిలదీశారు. మేనేజరు వచ్చి చూస్తే, తెరలో ముప్పై ఏడుకు ఏ లోపమూ లేదు. స్టీరింగుకు మాత్రం ఎర్ర పీలిక ఉంది.

ఆ మధ్యాహ్నమే మా ఆడపడుచును పిలిపించాడు. "మీ తప్పేం లేదు మేడం. తెర బాగుంది, పాఠం బాగుంది. ఒక్క మనిషి మాత్రం మారలేదు. ఆ గడిలో ఆ పేరు రాసివ్వండి. మిగతాది నేను చూసుకుంటాను."

మిగతాది అంటే దూరపు డిపోకు బదిలీ. మేస్త్రికి ఇంకా పదకొండు నెలలే ఉద్యోగం ఉంది. భార్యకు చూపు సరిగ్గా ఆనదు. మధ్యాహ్నం విరామంలో సైకిలు మీద ఇంటికి పోయి ఆమె కళ్లలో మందు చుక్కలు వేసి వస్తాడు. ఇది మేస్త్రి చెప్పలేదు, వెల్డరు చెప్పాడు. బదిలీ అయితే ఆ చుక్కలు వేసే చెయ్యి ఉండదు.

రాసేముందు ఆమె షెడ్డుకు వెళ్లింది. సాయంత్రం పగటివాళ్లు దిగే వేళ. ఎవరికీ చెప్పకుండా తలుపు పక్కన నిలబడి చూసింది. ఇద్దరు నేల ఊడుస్తున్నారు. ఒకతను పానాలు తుడిచి గోడకు తగిలిస్తున్నాడు. వెల్డరు చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, తెర ముందుకు వచ్చి, దానిమీద ఉన్న ఆరు లోపాలకూ వరసగా 'ముగిసింది', 'ముగిసింది' అని నొక్కాడు. తర్వాత జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి అద్దాన్ని మెరిసేలా తుడిచాడు.

"ఇవన్నీ బాగుచేశారా?" అంది ఆమె వెనకనుంచి.

అతను ఉలిక్కిపడలేదు. "రెండు చేశాం మేడం. నాలుగున్నాయి."

"మరి అన్నీ ఎందుకు నొక్కావు?"

"ఇవాళ నా వంతు కదా. మీరే చెప్పారు, దిగేసరికి ఖాళీగా ఉండాలని. నేల ఊడవకుండా పోతామా? ఇదీ అంతే. మన చెత్త రాత్రివాళ్లకు ఎందుకు?" అని గోడమీద కాగితం చూపించాడు. వారానికి ఆరు రోజులూ తెర శుభ్రం చేసేవాళ్ల వంతులు చక్కటి చేతిరాతతో ఉన్నాయి. గురువారం ఎదురుగా 'పెద్దమేస్త్రి' అని ఉంది.

ఆమె వెళ్లి ఆ టైరు మీద కూర్చుండిపోయింది. మేస్త్రి వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు.

"మీరు కూడా నొక్కారా మేస్త్రిగారూ?"

"నొక్కానమ్మా. నా వంతు ఎప్పుడూ ఎగ్గొట్టలేదు."

"బాగవని బస్సు బాగైందని నొక్కితే ప్రమాదం అనిపించలేదా?"

"ఆ టీవీ పైవాళ్లది, బస్సు మాది అనుకున్నాం. పైవాళ్ల వాకిలి మీరు చెప్పినట్టు శుభ్రంగా ఉంచాం. బస్సు సంగతి బస్సులోనే చూసుకుందామంటే, పీలికలు తీసేశారు. ఇక ఏ డ్రైవరు నోరు తెరిచి చెబితే అదే మాకు తెలిసేది. ముప్పై ఏడో నంబరును దేవుడే ఆపాడు."

"నన్ను అడగొచ్చు కదా."

"మీరు అంత కష్టపడి చెప్పాక, మళ్లీ అడిగితే వినలేదనుకుంటారని" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, నీళ్లలో కాళ్లు పెట్టిన వెంటనే మాట్లాడింది. నాకు భయమేసింది, ఎప్పుడూ అలా మాట్లాడదు.

"వదినా, పదకొండేళ్లలో నా మాట పొల్లుపోకుండా విన్నది వీళ్లే. తక్కినచోట్ల సగం విని, సగం వదిలేసి, వాళ్ల తెలివి వాడుకుని బతికిపోయారు. వీళ్లు పూర్తిగా విన్నారు. విన్నందుకే ఇంత పని జరిగింది."

"ఇప్పుడు ఏం రాస్తావు?"

"తెలియడం లేదు. నిజం రాస్తే నా పాఠమే తప్పని రాయాలి. పాఠం తప్పిన మనిషికి నివేదికలు సరిచూసే కుర్చీ ఎవరిస్తారు?"

అప్పుడు నేనొక మాట అన్నాను. దాచుకోవడం పాపం కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. "ఆ పెద్దాయన ఎటూ దిగిపోయేవాడే కదా. ఆయన పీలిక కట్టింది కూడా నిజమేగా. ఆ ఒక్క నిజమే రాసెయ్యి" అన్నాను. ఆ వాచిన పాదాలు చూస్తూ అన్నాను. మన ఇంట్లో మనిషి కాలు వాస్తే, పక్కింట్లో మనిషి కన్ను కనబడదు.

ఆమె నన్ను తప్పుపట్టలేదు. "నువ్వు నా కోసమే అంటావులే" అంది. తువ్వాలు తీసుకుని కాళ్లు తుడుచుకుని వెళ్లి పడుకుంది. తెల్లవారి నేను లేచేసరికి దీపం దగ్గర కూర్చుని రాస్తూ ఉంది. నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ, ఏం కోరాలో తెలియక, ఊరికే నిలబడ్డాను.

మేనేజరు గదిలో జరిగింది ఆమె తర్వాత చెప్పింది. ఆయన నివేదిక చివరి గడి చూశాడు. అక్కడ ఎప్పటిలా గీతే ఉంది. దానికింద అరపేజీ రాసి ఉంది: తెర సాయంత్రానికి ఖాళీ కావాలని శిక్షకురాలే చెప్పిందనీ, సిబ్బంది ఆ మాటను అక్షరాలా పాటించారనీ, ఇక్కడ పని ముగించే పద్ధతి ఏమిటో ఆమె ముందుగా అడిగి తెలుసుకోలేదనీ, తెరలో రెండు నెలలుగా ముగిసినట్టున్న లోపాలన్నిటినీ మళ్లీ చూడాలనీ.

"ఇది నేను పైకి పంపితే మీ గతేంటో తెలుసా మేడం?"

"తెలుసు సార్."

"నా గతేంటో తెలుసా? త్వరగా మారిన షెడ్డు అని నాకు సన్మానం కూడా చేశారు."

"అది నాకు తెలియదు సార్. క్షమించండి."

ఆయన చాలాసేపు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆయన చెడ్డవాడేం కాదు. గదిలో ఉన్న ఒకే ఫ్యాను ఆయన వైపు తిరిగి ఉంటే, లేచి దాన్ని ఆమె వైపు తిప్పాడు. "రెండు నెలల బస్సులన్నీ ఆపి చూడాలంటే ఎన్ని ట్రిప్పులు పోతాయో" అని గొణిగాడు. చివరికి ముద్ర వేసి, "మీరు రాసినట్టే పంపుతాను. నాకు నిద్ర పట్టాలి కదా" అన్నాడు.

బస్సులన్నీ చూశారు. ముప్పై ఏడు కాక ఇంకో రెండింటికి బ్రేకు లోపం బయటపడింది. మేస్త్రి ఉన్నచోటే ఉన్నాడు. మా ఆడపడుచుకు మాత్రం పైనుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. తప్పు దిద్దడానికి పది రోజులు ఇస్తున్నామనీ, ఆ పిమ్మట నీటి సరఫరా కార్యాలయంలో చేరాలనీ. కుర్చీ సంగతి లేదు. ఆ కుర్చీలో ఆమె నేర్పిన మనిషే, ఆమెకంటే పదిహేనేళ్లు చిన్నది, కూర్చుంది. ఆ పిల్ల ఫోన్ చేసి, "మేడం, మీదే కావలసింది" అని ఏడిచింది. ఈమె అవతలి మనిషినే ఓదార్చింది. "వీపు ఆనించుకుని కూర్చోవే, లేకపోతే నడుం పోతుంది" అంది.

ఆ పది రోజులూ ఆమె షెడ్డులో పాఠం చెప్పలేదు. అడిగింది. వాళ్లు చెప్పారు. ముగిసిందని బాగుచేసినవాడు కాక, లోపం రాసిన డ్రైవరే బస్సు చూసుకుని నొక్కాలని మేస్త్రి అన్నాడు. మిగిలిపోయిన పని చెత్త కాదనీ, అది రాత్రివాళ్లకు అప్పగించే సామాను లాంటిదనీ వెల్డరు అన్నాడు. "సామానైతే తుడిచి పెట్టాలి గానీ పారేయకూడదు కదా మేడం." ఆమె చార్టు మీద ఆ మాటే రాసింది. అద్దం తుడిచే వంతులు మాత్రం అలాగే ఉంచారు. వాటిని తీసేయడానికి వాళ్లు ఒప్పుకోలేదు.

ఇప్పుడు నీటి సరఫరా కార్యాలయానికి వెళుతోంది. రెండు బస్సులు మారాలి. మొదటి రోజు చార్టు కాగితాల చుట్ట గదిలోనే వదిలి వెళ్లింది. మరిచిపోయిందేమోనని నేను వీధి చివరిదాకా పరుగెత్తాను. "వద్దు వదినా, ఈ వారం పనికిరాదు" అని నన్నే వెనక్కి పంపింది.

సాయంత్రం చీకటి పడకముందే వచ్చింది. గొంతు బొంగురుపోలేదు. కాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

"ఇవాళ ఏం చెప్పావు వాళ్లకు?" అన్నాను బకెట్టు ముందుకు జరిపి.

"ఏం చెప్పలేదు. పొద్దుటినుంచి వాళ్లు చెప్పింది విన్నాను." కళ్లు మూసుకుంది. "వినడం కూడా అలుపే వదినా. చెప్పడంకంటే ఎక్కువ అలుపు."

"మరి రేపు?"

"రేపు పైపులు బిగించేవాళ్లు మాట్లాడతారట. పొద్దున్నే వెళ్లాలి."

నీళ్లు కాస్త చల్లబడినట్టు అనిపించి, పొయ్యిమీద ఇంకో గిన్నెడు పెట్టడానికి లేచాను.